టైటిల్ ఎగిరొచ్చేలోపు ఒత్తు ఎక్కడ జారిపోతుంది? ఇంట్రో వీడియోలో తెలుగు అక్షరాల యానిమేషన్

మా అక్క కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం. నెల్లూరు రొట్టెల పండుగలో ఫోన్‌తో తీసిన షాట్లన్నీ కలిపి రెండు నిమిషాల వీడియో చేసుకున్నాడు. దాని ముందు ఎనిమిది సెకన్ల ఇంట్రో కావాలి, చెరువు నీళ్ల మీద "స్వర్ణాల చెరువు" అని టైటిల్ ఒక్కో అక్షరం కిందనుంచి లేచి రావాలి, అంతే వాడి కోరిక. రాత్రి పదకొండింటికి ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చాడు. "ఏంది మామా ఇది, ఇంగ్లీషులో కొడితే బ్రహ్మాండంగా వస్తా ఉంది, తెలుగులో కొడితే ఇట్టా తగలడతా ఉంది" అన్నాడు. చూస్తే మొదట "స్" లేచింది, తర్వాత "వ", ఆ తర్వాత "ర్", "ణా", "ల". అన్నీ వచ్చాక కూడా అవి కలవలేదు, పొల్లులు పొల్లులుగానే నిలబడిపోయాయి. చెరువు మాత్రం చక్కగా "చెరువు" అనే వచ్చింది, దాంతో వాడి గందరగోళం ఇంకా పెరిగింది. సగం టైటిల్ బాగుండి సగం విరిగితే తప్పు ఎవరిదనుకోవాలి?

ఈ ప్రశ్న కొత్తగా ఎడిటింగ్ మొదలుపెట్టిన తెలుగువాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. పెళ్లి వీడియో, స్కూలు వార్షికోత్సవం, షార్ట్ ఫిల్మ్, ఊరి క్రికెట్ టోర్నమెంటు, ఏదైనా సరే ఇంట్రోలో పేరు తెలుగులో పడాలి, కానీ ట్యుటోరియల్స్ అన్నీ ఇంగ్లీషు అక్షరాల మీద చేసి చూపిస్తారు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు చేసినా మనకు రాదు. ఇందులో రెండు విషయాలు ఒకదానితో ఒకటి మెలిపడి ఉన్నాయి, యానిమేషన్ ఎలా పనిచేస్తుంది అనేది ఒకటి, కంప్యూటర్ తెలుగును ఎలా చూస్తుంది అనేది ఇంకొకటి. మొదటిది తేలికే. చిక్కంతా రెండోదానితోనే.

కీఫ్రేమ్ అంటే ఏంటి, మధ్యలో బొమ్మలు ఎవరు నింపుతారు

వీడియో అంటే వరసగా గబగబా మారే బొమ్మలు. ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, మన దేశంలో టీవీకి 25, ఫోన్ కెమెరాలు మామూలుగా 30 తీస్తాయి. చేత్తో యానిమేషన్ గీసే రోజుల్లో సీనియర్ ఆర్టిస్టు ముఖ్యమైన భంగిమలు గీసి ఇస్తే మధ్యలో బొమ్మలన్నీ అసిస్టెంట్లు కూర్చుని నింపేవాళ్లు. ఆ ముఖ్యమైన భంగిమల పేరే కీఫ్రేమ్. ఇప్పుడు ఆ అసిస్టెంటు పని కంప్యూటర్ చేస్తుంది. సున్నా ఫ్రేములో టైటిల్ స్క్రీన్ కింద ఉండాలి, ఇరవయ్యో ఫ్రేములో మధ్యలో ఉండాలి అని రెండు చోట్ల గుర్తు పెడితే మధ్యలో పందొమ్మిది ఫ్రేములు అదే లెక్కగట్టుకుంటుంది.

యాప్ తెరిస్తే రెండొందల ఎఫెక్టులు కనిపించి కొత్తవాళ్లకు కళ్లు తిరుగుతాయి గానీ వాటిలో చాలావరకు నాలుగు సంగతుల చుట్టూనే తిరుగుతుంటాయి: అక్షరం ఎక్కడుంది, ఎంత పెద్దదిగా ఉంది, ఎంత తిరిగి ఉంది, ఎంత స్పష్టంగా కనిపిస్తోంది. ఫేడ్ అంటే కనిపించడం సున్నా నుంచి నూటికి పెరగడం. స్లైడ్ అంటే స్థానం మారడం. పాప్ అంటే సైజు సున్నా నుంచి 110 శాతానికి పోయి మళ్లీ 100కి వచ్చి కుదురుకోవడం. వీటికి కొంచెం బ్లర్, కొంచెం మెరుపు తగిలించి కొత్త పేరు పెడతారు, అంతే.

ఆత్మకూరు బస్టాండులోకి బస్సు వచ్చినట్టు: ఈజింగ్

కొత్తవాళ్ల టైటిల్ చూడగానే తెలిసిపోతుంది, ఎందుకంటే అది ఒకే వేగంతో వచ్చి గోడకు కొట్టుకున్నట్టు ఆగుతుంది. నిజంగా కదిలేదేదీ అలా ఆగదు. ఆత్మకూరు బస్టాండులోకి వచ్చే ఆర్టీసీ బస్సును చూడండి, రోడ్డు మీద జోరుగా వచ్చి, మలుపులో నెమ్మదించి, ప్లాట్‌ఫారం దగ్గర ఇంకా ఇంకా తగ్గించుకుంటూ ఆగుతుంది. ఆ తగ్గడాన్నే ఎడిటింగ్‌లో ఈజింగ్ అంటారు.

అంకెల్లో చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. టైటిల్ 10 ఫ్రేముల్లో 1000 పిక్సెళ్లు జరగాలనుకుందాం. ఈజింగ్ లేకపోతే ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా 100 పిక్సెళ్లు జరుగుతుంది: 100, 200, 300 అలా. చివర నెమ్మదించే మామూలు ఈజింగ్ పెడితే మొదటి ఫ్రేముకే 190 దగ్గరికి వచ్చేస్తుంది, తర్వాత 360, 510, 640, 750, 840, 910, 960, 990, చివరికి 1000. మొదటి అడుగు 190 పిక్సెళ్లు, ఆఖరి అడుగు పదే. బయల్దేరిన చోటు, చేరిన చోటు, పట్టిన సమయం రెండింటిలోనూ ఒకటే, అయినా చూసేవాడి కంటికి మొదటిది టెంప్లేటులా, రెండోది సినిమాలా కనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ఒక వంపు గీతగా చూపిస్తారు, దాన్ని బెజియే కర్వ్ అంటారు, రెనో కార్ల కంపెనీలో ఇంజనీరుగా పనిచేసిన పియర్ బెజియే పేరు మీద. కారు బాడీ వంపులు గీయడానికి వాడిన లెక్క అది. ఫాంటులో మన "ఱ" వంపులు గీసేదీ అదే లెక్కతోనే.

కొందరు ప్రతిదానికీ బౌన్స్ పెడతారు, టైటిల్ వచ్చి, దాటిపోయి, వెనక్కొచ్చి, ఊగి ఆగుతుంది. క్రికెట్ టోర్నమెంటు ఇంట్రోకు, పుట్టినరోజు వీడియోకు అది బాగానే నప్పుతుంది. దర్గా దగ్గర పిల్లల కోసమో ఉద్యోగం కోసమో రొట్టె పట్టుకుని నీళ్లలో నిలబడ్డ మనుషుల మీద టైటిల్ గంతులేస్తూ వస్తే నాకైతే నచ్చదు. మావాడు ఒప్పుకోలేదు, "కాస్త ఊగితే లైవ్‌గా ఉంటది మామా" అన్నాడు. సరే, అది వాడి వీడియో.

"స్వర్ణాల"లో అక్షరాలెన్ని?

మనల్నడిగితే మూడు. స్వ, ర్ణా, ల. ఒకటో తరగతి పిల్లాడు కూడా అదే చెప్తాడు. కంప్యూటర్ని అడిగితే ఎనిమిది.

కంప్యూటర్‌లో ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ నంబర్లిచ్చే పద్ధతి యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే అందులో తెలుగు ఉంది, మన లిపికి 128 గళ్లు కేటాయించారు. కానీ అచ్చులు, హల్లులు, గుణింతం గుర్తులు, పొల్లు, సున్న ఇలా విడి ముక్కలకే నంబర్లున్నాయి తప్ప "స్వ" అనే కలిసిన రూపానికి సొంత నంబరంటూ లేదు. అది స, పొల్లు, వ అనే మూడు నంబర్ల వరస. "ర్ణా" అంటే ర, పొల్లు, ణ, దీర్ఘం, నాలుగు. దానికి "ల" కలిపితే ఎనిమిది. "స్త్రీ" అయితే ఒక్క అక్షరానికే ఆరు.

ఇప్పుడు టైప్‌రైటర్ ఎఫెక్ట్, అంటే ఒక్కో అక్షరం కొట్టినట్టు వచ్చేది, ఈ నంబర్లను ఒక్కొక్కటే బయటపెడితే తెర మీద ఏం కనిపిస్తుందో చూడండి: స, స్, స్వ, స్వర, స్వర్, స్వర్ణ, స్వర్ణా, స్వర్ణాల. మధ్యలో ఓ క్షణం "స్వర" అని వెలిగి మాయమైంది. "నెల్లూరు" కొడితే ఇంకా తమాషా: న, నె, నెల, నెల్, నెల్ల, నెల్లూ, నెల్లూర, నెల్లూరు. మూడక్షరాల ఊరు ఎనిమిది మెట్లెక్కి వస్తుంది, దారిలో "నెల" అని ఒక ఫ్లాష్. ఇంగ్లీషులో ఆరు అక్షరాలుంటే ఆరే మెట్లు, వచ్చిన అక్షరం మళ్లీ రూపం మార్చుకోదు. మనది మాత్రం వచ్చిన తర్వాత కూడా రూపం మారుతూనే ఉంటుంది, పక్కన ఏమొస్తుందో దాన్నిబట్టి.

దీనికే ఇంకో చిన్న మెలిక ఉంది. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో ట కింద వ ఒత్తు పడకుండా కీబోర్డులు మధ్యలో ఒక కనిపించని గుర్తు పెడతాయి. టైప్‌రైటర్ ఎఫెక్ట్ దాన్నీ లెక్కలో వేసుకుంటుంది, అందుకని అక్కడ ఏమీ రాకుండా ఒక బీటు ఆగినట్టవుతుంది. టక్ టక్ అని సౌండ్ పెట్టుకుంటే ఒక టక్కు వృథా అన్నమాట.

మరి "చెరువు" ఎందుకు విరగలేదు

యాప్‌లు అన్నీ నంబరుకొక ముక్క చొప్పున విడగొట్టవు. కాస్త తెలివైనవి "మనిషి ఒక అక్షరం అనుకునేది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది" అని యూనికోడ్ వాళ్లు రాసిపెట్టిన నియమాలు వాడతాయి. పాత నియమం ప్రకారం గుణింతం గుర్తు, పొల్లు ముందున్న హల్లుకు అతుక్కుంటాయి, అక్కడితో ముక్క అయిపోతుంది. కాబట్టి చె, రు, వు మూడూ చక్కగా విడిపోయాయి. "స్వర్ణాల" మాత్రం స్, వ, ర్, ణా, ల అని ఐదు ముక్కలైంది. మావాడి స్క్రీన్ మీద కనిపించింది అచ్చంగా ఇదే. ఒత్తున్న మాట విరిగింది, ఒత్తు లేని మాట బతికింది.

2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో ఈ నియమం మార్చారు. తెలుగు, హిందీ, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపుల్లో హల్లు, పొల్లు, హల్లు వరసగా వస్తే మధ్యలో తెంచకూడదని చేర్చారు. దీని ప్రకారం "స్వర్ణాల" మూడు ముక్కలే, మన బడి లెక్కే. కానీ యూనికోడ్ వాళ్లు నియమం మారిస్తే సరిపోదు, దాన్ని ప్రతి యాప్ తయారుచేసేవాళ్లు తమ లోపల కలుపుకోవాలి. అందుకే ఒక ఫోన్‌లో బాగా వచ్చిన ఎఫెక్టే ఇంకో ఫోన్‌లో విరుగుతుంది, ఇద్దరు ఫ్రెండ్స్ "నాకొచ్చింది", "నాకు రాలేదు" అని కొట్టుకుంటారు, ఇద్దరూ చెప్పేది నిజమే.

షేపింగ్: నంబర్లను అక్షరంగా మలిచే మేస్త్రి

ముక్కలు ఎలా విడగొట్టాలన్నది ఒక సమస్య అయితే, ముక్కల్ని కలిపి గీయడం ఇంకో సమస్య. స, పొల్లు, వ అనే మూడు నంబర్లు చూసి, "ఓహో ఇక్కడ స రాసి దాని కింద వ ఒత్తు వేలాడదీయాలి" అని ఫాంటులోంచి సరైన బొమ్మలు తెచ్చి సరైన చోట పెట్టే పనిని షేపింగ్ అంటారు. ఏ బొమ్మ ఎప్పుడు వాడాలనే సూచనలు ఫాంటు ఫైలులోనే ఉంటాయి. వాటిని చదివి అమలుచేసే ప్రోగ్రామ్ వేరే. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీసుల్లో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఉచిత ప్రోగ్రామ్. వాట్సాప్‌లో మెసేజ్ కొడితే ఒత్తులు సరిగ్గా పడుతున్నాయంటే ఇలాంటి మేస్త్రి ఒకడు లోపల కూర్చుని పని చేస్తున్నాడని అర్థం.

వీడియో సాఫ్ట్‌వేర్లలో ఈ మేస్త్రి ఒక్కోచోట ఉండడు, ఒక్కోచోట ఉన్నా సెలవులో ఉంటాడు. అడోబీ వీడియో ప్రోగ్రామ్‌ల పాత వెర్షన్లలో మామూలుగా పాశ్చాత్య భాషల టెక్స్ట్ ఇంజన్ ఆన్‌లో ఉండేది, దక్షిణాసియా భాషల ఇంజన్ సెట్టింగ్స్‌లో వేరేగా ఎంచుకోవాల్సి వచ్చేది. ఆ ఒక్క సెట్టింగు తెలియక "ఈ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు రాదు" అని తీర్మానం చేసుకుని ఏళ్ల తరబడి ఫొటోషాపులో టైటిల్ చేసి బొమ్మగా తెచ్చుకున్నవాళ్లు నాకు తెలుసు. అందులో నేనూ ఉన్నాను.

ఇంకో సూక్ష్మం, షేపింగ్ పక్కపక్క అక్షరాల్ని కలిపి చూస్తేనే పనిచేస్తుంది. యాప్ ముందుగా ముక్కలు విడగొట్టేసి, ఒక్కో ముక్కను విడిగా మేస్త్రి చేతికిస్తే, "స్" ఒక్కటే చూసినవాడు పక్కన వ ఉందని ఎలా కనిపెడతాడు? పొల్లు పెట్టి ఇచ్చేస్తాడు. ముందు మొత్తం మాటను మలిచి, తర్వాత బొమ్మల్ని విడగొట్టి కదిలించే యాప్‌లో ఇదే మాట బాగా వస్తుంది, కాకపోతే అక్కడ ఒత్తు ఒక విడి బొమ్మ కాబట్టి స ఒకసారి, దాని కింద ఒత్తు రెండు ఫ్రేముల తర్వాత వచ్చి అతుక్కునే ప్రమాదం ఉంటుంది. ఇది చూడ్డానికి వింతగా ఉన్నా ఒక్కోసారి బాగుంటుంది కూడా, అనుకోకుండా దొరికే డిజైన్.

డీటీపీ షాపు ఫైలు ఎందుకు పనికిరాదు

టైటిల్ అందంగా ఉండాలని ఒక ఫ్లెక్సీ షాపులో డిజైన్ చేయించి ఫైలు తెచ్చుకున్నాడు మావాడు. షాపతను తెరిచి చూపించినప్పుడు చక్కగా ఉంది, ఇంట్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, వింత గుర్తుల కిచిడీ. అతను మోసం చేయలేదు. డీటీపీలో చాలాకాలంగా అను ఫాంట్లు వాడకంలో ఉన్నాయి, యూనికోడ్ బాగా పాకకముందు తెలుగు అచ్చుపని నడిచింది అలాంటి వాటి మీదే. వాటిలో ఇంగ్లీషు అక్షరాలకున్న గళ్లలో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టారు. ఫైలులో ఉన్నది నిజానికి లాటిన్ నంబర్లే, ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో తెలుగుగా కనిపిస్తాయి, లేనిచోట అసలు రంగు బయటపడుతుంది.

దీన్ని ఒకవైపు పాత చెత్త అనేవాళ్లున్నారు, ఇంకోవైపు ఇప్పటికీ మెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. మెచ్చుకునేవాళ్ల వాదనలో పస ఉంది. ఆ ఫాంట్లలో షేపింగ్ అవసరమే లేదు, ఒత్తు కూడా ఒక మామూలు అక్షరమే, అందుకని మేస్త్రి లేని పాత వీడియో సాఫ్ట్‌వేర్‌లో కూడా తెలుగు విరగకుండా వస్తుంది. పైగా పోస్టరు అక్షరాల్లో రకాలు ఎక్కువ. వద్దనేవాళ్లు చెప్పేదీ నిజమే: ఆ టెక్స్ట్‌ను వెతకలేం, వాట్సాప్ నుంచి కాపీ చేసి అందులో పెట్టలేం, పేరులో ఒక అక్షరం మార్చాలన్నా మళ్లీ ఆ షాపుకే పోవాలి. యూనికోడ్‌లోనూ ఇప్పుడు ఉచిత ఫాంట్లు కొరతేం లేవు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, తిమ్మన, పెద్దన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ అని కవుల సభే ఉంది, వీడియోల్లో డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు.

అక్షరాలుగా, మాటలుగా, లేక మొత్తంగా?

విరుగుడు ఏంటనే దగ్గర ఎడిటర్లలో మూడు దారులున్నాయి, మూడింటికీ వాటి వాటి గుణాలున్నాయి.

అసలు అక్షరం అక్షరం ఎందుకు, మాట మొత్తాన్ని ఒకే ముక్కగా కదిలించమంటారు కొందరు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి యాప్ ఎంత మొద్దుదైనా అక్కడ తప్పు చేయదు. "స్వర్ణాల" ముందు వచ్చి, పావు సెకను తర్వాత "చెరువు" వస్తే చాలు, పేరు చదవడమూ సులువు. మరి అక్షరం అక్షరం పేరుకుంటూ వచ్చే ఆ ఊరింపు ఇందులో ఉండదు కదా, అని రెండోవాళ్లు. వాళ్లు ఇంక్‌స్కేప్ లాంటి ఉచిత డ్రాయింగ్ ప్రోగ్రామ్‌లో టైటిల్ కొట్టి, అక్షరాల్ని గీతలుగా మార్చేస్తారు. అప్పుడది టెక్స్ట్ కాదు, బొమ్మ, ఇక ఎవరూ విరగ్గొట్టలేరు. స, దాని కింద వ ఒత్తు రెండూ కలిపి ఒక గుంపు, రా, దాని కింద ణ ఒత్తు కలిపి ర్ణా ఒక గుంపు, అలా ఆరు గుంపులు చేసి ఆరు పారదర్శక బొమ్మలుగా వీడియోలోకి తెచ్చుకుంటారు. పని పెరుగుతుంది, పేరులో తప్పుంటే మళ్లీ మొదటికొస్తుంది, కానీ ఏ యాప్‌లోనైనా పనిచేస్తుంది. మూడోవాళ్లు తెలుగును సరిగ్గా మలిచే సాఫ్ట్‌వేర్ వెతుక్కుని అందులోనే ఉంటారు.

సమయంలో తేడా కూడా చిన్నదేం కాదు. సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ముక్క లేచి నిలబడ్డానికి 10 ఫ్రేములు, ముక్కకూ ముక్కకూ 4 ఫ్రేముల ఎడం అనుకుందాం. "స్వర్ణాల చెరువు" మన లెక్కలో ఆరు ముక్కలు, ఆరోది ఇరవయ్యో ఫ్రేములో మొదలై ముప్పయ్యో ఫ్రేముకు అయిపోతుంది, అంటే 1.2 సెకన్లు. అదే నంబరుకొక ముక్క చొప్పున విడిపోతే మధ్య ఖాళీతో కలిపి పదిహేను ముక్కలు, చివరిది 56లో మొదలై 66కి ముగుస్తుంది, 2.64 సెకన్లు. పాటలో డప్పు దెబ్బకు టైటిల్ పూర్తవ్వాలని కొలుచుకుని పెట్టినవాడికి రెట్టింపుకు పైగా ఆలస్యమయ్యేది ఇందుకే.

పలక మీద రాసినట్టు రావాలంటే

చాలామంది అడిగేది ఇది. మార్కాపురం పలక మీద బలపంతో రాస్తున్నట్టు టైటిల్ తనంతట తాను రాసుకోవాలి. యాప్‌లో "రైట్ ఆన్" అనో "స్ట్రోక్" అనో ఉన్నది నొక్కితే వచ్చేది ఇంకోటి: అక్షరం అంచు చుట్టూ గీత పాకుతుంది, లోపల బోలుగా. ఫాంటులో ఉండేది అక్షరం పొలిమేర మాత్రమే, పొలానికి గట్టు వేసినట్టు. బలపం నడిచే దారి, అంటే అక్షరం నడిమధ్య గీత, ఫాంటులో లేనే లేదు. ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పి రాయాలో దానికి తెలియదు.

అందుకని చేతిరాత ఎఫెక్ట్ చేసేవాళ్లు పూర్తి టైటిల్‌ను ముందు దాచిపెట్టి, దాని మీద లావుపాటి గీతను తామే చేత్తో గీసి, ఆ గీత నడిచినంత మేరకే కింద అక్షరం కనిపించేట్టు చేస్తారు. ఇక్కడ వరస ముఖ్యం. "త" రాసేటప్పుడు మనం ఒళ్లు ముందు రాసి తలకట్టు చివర పెడతాం, ఒత్తు ఆ తర్వాత. తలకట్టు ముందొచ్చి ఒళ్లు తర్వాత వస్తే ఎక్కడ తేడా ఉందో చెప్పలేకపోయినా చూసే తెలుగువాడికి ఏదో గుచ్చుకుంటుంది. ఆ గీత లావు ఎక్కువైతే "ణ"లో ఒక వంపు రాస్తుండగానే పక్క వంపు తొంగిచూస్తుంది. రెండు మాటల టైటిల్‌కు ఒక పూట పడుతుంది. నాకైతే ఎఫెక్టులన్నిటిలో ఇష్టమైన పని ఇదే, టీ చల్లారిపోయేది కూడా దీనికే.

కింద తెగిపోయే ఒత్తులు, దూరం జరిగే గుర్తులు

ఇంగ్లీషు అక్షరాల ఎత్తును ఊహించుకుని చేసిన టెంప్లేటులో తెలుగు పట్టదు. మనకు పైన గుడి, కింద ఒత్తు, ఆ ఒత్తు కింద ఒక్కోసారి ఇంకో ఒత్తు. గీత వెనకనుంచి అక్షరాలు లేచే ఎఫెక్టులో ఆ గీత "ర్ణా" కింది ణ ఒత్తును సగానికి కోసేస్తుంది.

అక్షరాల మధ్య ఎడం మెల్లగా పెరిగే సినిమా టైటిల్ ఎఫెక్టుదీ ఇదే తంతు, ఎడం బొమ్మకూ బొమ్మకూ పెంచే యాప్‌లో ఒత్తు తన హల్లును వదిలి పక్కకు పోతుంది. ఇక ఏటవాలు అక్షరాలు మన అచ్చులో పెద్దగా లేని అలవాటు, బటన్ నొక్కి వంచితే గాలికి పడిపోతున్నట్టుంటాయి.

టెంప్లేటు, సొంతం, ఏఐ

టెంప్లేటు వాడటం తప్పేం కాదు. రేపు పొద్దున పెళ్లికి ఈ రాత్రి వీడియో ఇవ్వాల్సినవాడికి ఈజింగ్ పాఠం చెప్తే నవ్వుతాడు. మంచి టెంప్లేటులో కదలిక ఎవరో అనుభవమున్నవాళ్లు సర్దిపెట్టిందే ఉంటుంది. వచ్చిన చిక్కల్లా అది ఏ లిపిని చూసి సర్దారన్న దగ్గరే, పైగా ఒకే టెంప్లేటు ఊళ్లో పది పెళ్లిళ్లలో కనిపిస్తుంది. సొంతంగా చేయడం నిదానం, కానీ విరిగినప్పుడు ఎక్కడ విరిగిందో తెలుస్తుంది. ఫోన్‌లో చేయాలా కంప్యూటర్‌లోనా అన్న వాదన కూడా దీనికి దగ్గరిదే. కైన్‌మాస్టర్, అలైట్ మోషన్ లాంటి వాటిలో కీఫ్రేములున్నాయి, రీలుకు చాలు. డావిన్సీ రిజాల్వ్ ఉచితం, చాలా లోతుంది, కానీ మామూలు ల్యాప్‌టాప్ ఫ్యాను హోరెత్తుతుంది.

మాటల్లో చెప్తే వీడియో చేసిపెట్టే ఏఐ టూల్స్ గురించి కూడా మావాడు అడిగాడు. నీళ్లు, పొగ, సాయంత్రం వెలుగు వీటికి అవి భలే పనికొస్తాయి. అక్షరాల దగ్గరే తేలిపోతాయి, ఎందుకంటే అవి ఫాంటు తెచ్చి మలిచి గీయవు, అక్షరంలా కనిపించే పిక్సెళ్లను ఊహించి వేస్తాయి. ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు బొమ్మలు ఎక్కువ కాబట్టి ఇంగ్లీషు ఊహ దాదాపు సరిగ్గా కుదురుతుంది, తెలుగు మాత్రం చాలాసార్లు దూరం నుంచి తెలుగులా ఉండి దగ్గరికి పోతే ఏ భాషా కాకుండా పోతుంది. అందుకే కొందరు వెనక దృశ్యం మాత్రం ఏఐతో చేయించుకుని పేరు తామే వేసుకుంటారు.

ఎనిమిది సెకన్లు ఎలా ఖర్చయ్యాయి

చివరికి మావాడి ఇంట్రో ఎలా కుదిరిందో లెక్కతో సహా చెప్తాను. 25 చొప్పున ఎనిమిది సెకన్లంటే 200 ఫ్రేములు. మొదటి 40 ఫ్రేములు ఉత్త చెరువు నీళ్లే, జనం గోల సౌండు. నలభయ్యో ఫ్రేములో "స్వర్ణాల" లేవడం మొదలై 62కి కుదురుకుంటుంది. "చెరువు" 48లో మొదలై 70కి. అక్కడి నుంచి 170 దాకా, అంటే నాలుగు సెకన్లు, టైటిల్ కదలదు. వాడికి ఇక్కడే చేతులు దురద పెట్టాయి, మధ్యలో ఒక మెరుపు పోనిద్దామా అన్నాడు. పేరు తెలిసినవాడికి ఒక సెకను చాలు, మొదటిసారి చూసే మా అమ్మలాంటి వాళ్లు కళ్లజోడు సర్దుకుని చదువుకోవాలి కదా అంటే వదిలేశాడు. తర్వాత 12 ఫ్రేముల్లో టైటిల్ మాయం, మిగిలిన 18లో అసలు వీడియోలోకి కలిసిపోవడం. వచ్చేటప్పుడు 22 ఫ్రేములు, పోయేటప్పుడు 12, ఎందుకంటే పోయేదాన్ని ఎవరూ చదవరు.

అక్షరం అక్షరం అన్న మొదటి కోరిక వదులుకోలేదు, ఇంక్‌స్కేప్‌లో ఆరు గుంపులు చేశాడు. ఆఖర్లో ఇంకో దెబ్బ తగిలింది. టైటిల్ ఒక్కటే విడిగా ఎంపీ4లో ఎగుమతి చేసి చెరువు షాట్ మీద పెడితే నీళ్లు మాయమై నల్లటి పెట్టె వచ్చింది. ఎంపీ4లో మామూలుగా వాడే హెచ్264 పద్ధతికి పారదర్శకం అనేదే తెలియదు, ఖాళీ ఉన్నచోట నలుపు నింపేస్తుంది. పీఎన్‌జీ బొమ్మల వరసగానో, పారదర్శకాన్ని దాచుకునే ప్రోరెస్ 4444 అనే వీడియో పద్ధతిలోనో ఇస్తే ఖాళీ ఖాళీగానే ఉంటుంది, కాకపోతే ఫైలు సైజు చూసి గుండె గుభేలుమంటుంది. వాడు పీఎన్‌జీలే ఎంచుకున్నాడు, టైటిల్ కనిపించే 142 ఫ్రేములకు 142 బొమ్మలు. ఫోల్డరు తెరిచి ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోయి, యాభై రెండో ఫ్రేము దగ్గర ఆగి, "మామా, ఇక్కడ ణ ఒత్తు ఇంకా నీళ్లలోనే ఉండాది చూడు" అన్నాడు. నిజమే, ర్ణా సగం లేచి ఉంది, ఒత్తు నీటి గీత కింద ఉంది, రెండూ కలిసే వస్తున్నాయి.